పాత బోటు కొనే ముందు గట్టు మీదకి లాగించి చూడాలి

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ బావ పదిహేనేళ్లుగా వేరేవాళ్ల బోట్ల మీద సరంగుగా, అంటే బోటు నడిపేవాడిగా, చేస్తున్నాడు. నువ్వు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ దాచిన డబ్బు పెడుతున్నావు. కాకినాడలో ఎనిమిదేళ్ల నాటి చెక్క బోటు, పైన ఫైబర్ కోటింగ్, లేలాండ్ ఇంజిన్, ఓనర్ అడిగేది 19 లక్షలు. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది కాబట్టి ఈ ఆదివారంలోగా రెండు లక్షలు బయానా ఇవ్వకపోతే వేరే పార్టీకి ఇచ్చేస్తానంటున్నాడు. కొత్తగా పెయింట్ వేశారు, ఇంజిన్ పని చేయించారు, ఇంకా చెక్ చేయించడం అవసరమా, చేయిస్తే ఎవరితో చేయించాలి అని అడిగావు.

అవసరమే. అదీ బయానా ఇవ్వకముందే. నేను ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను, మొదట తాళ్లరేవు వైపు బోట్లు కట్టేచోట వడ్రంగుల దగ్గర చెయ్యి అందించేవాణ్ని, తర్వాత డీజిల్ ఇంజిన్లు నేర్చుకున్నాను, ఇప్పుడు ఎక్కువగా కొనేవాళ్ల తరఫున వెళ్లి బోట్లు చూసి పెడుతుంటాను. నీళ్లలో తేలుతున్న బోటును చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. నేనూ చెప్పలేను, మీ బావకి ఎంత అనుభవం ఉన్నా చెప్పలేడు. నడపడం వేరు, కొనడం వేరు. సరంగుకి బోటు ఎలా నడుస్తుందో తెలుస్తుంది, అడుగున ఫైబర్ కింద చెక్క ఎలా ఉందో పైనుంచి తెలియదు.

నిజానికి నువ్వు మంచి సమయంలోనే అడిగావు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు వేట ఆగుతుంది, బోట్లు గట్టెక్కి రిపేర్లు జరిగేది అప్పుడే, అంటే బోటు కింద భాగం కళ్లతో చూసే అవకాశం దొరికేది కూడా అప్పుడే. ఏప్రిల్ చివర్లో పెయింట్ గీకేసిన బోటును చూసి ఉంటే సగం పని అయిపోయేది. మే చివరికి వచ్చేసరికి అందరూ రంగులు వేసేసి నీళ్లలోకి దింపేస్తారు. ఓనర్ మోసం చేస్తున్నాడని నేను అనడం లేదు, అమ్మకపోయినా వేసేవాడే. కానీ కొత్త రంగు కింద పాత చెక్క కనపడదు, అంతవరకే నా మాట. అందుకే దింపేసి ఉంటే మళ్లీ ఒక్కసారి గట్టు మీదకి లాగించమని అడుగు, లాగే ఖర్చు నువ్వే పెట్టుకుంటానని చెప్పు. దానికి ఒప్పుకోకపోతే ఆ బోటు గురించి నీకు జవాబు దొరికినట్టే, ఇంకో బోటు చూసుకో.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, 2012లో మా అన్నయ్య ఇలాగే జూన్ మొదటివారంలో ఒక బోటు కొన్నాడు. నేను అప్పుడు పని మీద ఒడిశా వైపు ఉన్నాను, వచ్చేవరకు ఆగమన్నాను, వేట మొదలైపోతోంది, రొయ్య పడే రోజులు పోతాయి అని తొందరపడ్డాడు. మెరిసిపోతున్న నీలం రంగు. మొదటి ట్రిప్పు బాగానే వెళ్లొచ్చారు. రెండో ట్రిప్పులో రాత్రి రెండు గంటలప్పుడు, భైరవపాలెం దాటాక, ఇంజిన్ గదిలో మోకాలి లోతు నీళ్లు. ప్రొపెల్లర్‌ని తిప్పే షాఫ్ట్ బయటికి వెళ్లే గొట్టం చుట్టూ చెక్క వదిలేసింది. పంపు ఒకటే పని చేసింది, ఆరుగురు మనుషులు వంతులేసుకుని బకెట్లతో తోడుతూ తెల్లారేవరకు నిలబెట్టారు, పక్కన వేట చేస్తున్న బోటు వాళ్లు తాడేసి లాక్కొచ్చారు. అందరూ క్షేమంగా వచ్చారు. తర్వాత గట్టెక్కించి నేనే ఫైబర్ కోసి చూశాను. బయట పొర చెక్కుచెదరలేదు, లోపల చెక్క మాత్రం తడిసిన కొబ్బరిపీచులా చేత్తో లాగితే వచ్చేసింది. ఆ రాత్రి మా వదిన గుమ్మంలో కూర్చున్న తీరు నాకింకా గుర్తుంది. మీ అక్కకి ఆ రాత్రి రాకూడదనే ఇంత రాస్తున్నాను.

ఇప్పుడు బోటు అడుగు సంగతి. చెక్క మీద ఫైబర్ కోటింగ్ వేయడం మంచిదే, సరిగ్గా ఎండిన చెక్క మీద కొత్తలోనే వేస్తే చాలా ఏళ్లు కాపాడుతుంది. కానీ పాత, తడి చెక్క మీద కోటింగ్ వేస్తే తడి లోపలే ఉండిపోయి చెక్క మెల్లగా పుచ్చిపోతుంది, బయటికి మాత్రం నున్నగా కనిపిస్తుంది. కాబట్టి ఓనర్‌ని మొదట అడగాల్సింది కోటింగ్ ఎప్పుడు వేయించావు అని. కట్టినప్పుడే వేశారా, మధ్యలో కారడం మొదలయ్యాక వేశారా? రెండోది అయితే జాగ్రత్త పెంచాలి.

చూడటానికి పెద్ద మిషన్లు ఏమీ అక్కర్లేదు. చిన్న సుత్తి, ఒక స్క్రూడ్రైవర్, టార్చి లైటు. సుత్తితో మూతి దగ్గర నుంచి వెనక వరకు, అడుగు దూలం వెంబడి, జానెడు దూరానికి ఒక దెబ్బ చొప్పున మెల్లగా కొడుతూ వెళ్లాలి. గట్టి చోట టక్ టక్‌మని స్పష్టంగా పలుకుతుంది, ఫైబర్ చెక్కను వదిలేసిన చోట, లేదా లోపల పుచ్చిన చోట, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టో తడి సంచి మీద కొట్టినట్టో మొద్దుగా వస్తుంది. పుచ్చకాయ కొనేటప్పుడు తట్టి చూస్తాం కదా, చెవికి ఆ తేడా పది నిమిషాల్లో అలవాటవుతుంది. మొద్దు శబ్దం వచ్చిన ప్రతిచోటా సుద్దముక్కతో గుండ్రంగా గీత గీయి. మొత్తం అయ్యాక దూరంగా నిలబడి చూస్తే అక్కడక్కడా నాలుగు చుక్కలు ఉన్నాయా, లేక అన్నీ ఒకేచోట గుంపుగా ఉన్నాయా అన్నది తెలుస్తుంది. గుంపుగా ఉంటే, ముఖ్యంగా షాఫ్ట్ గొట్టం చుట్టూ, అడుగు దూలం పక్క చెక్కల్లో ఉంటే, అక్కడ ఓనర్ అనుమతితో చిన్న డ్రిల్లు పెట్టి పొట్టు ఎలా వస్తుందో చూడాలి. పొడిగా, లేత రంగులో వస్తే ఫర్వాలేదు. నల్లగా, తడిగా, మట్టిలా వస్తే పుచ్చినట్టు. తర్వాత ఆ రంధ్రాన్ని రెసిన్‌తో పూడ్చేయొచ్చు, బోటుకేమీ కాదు.

ఫైబర్ పొర ఎక్కడైనా చిట్లి చెక్క బయటపడి ఉంటే అక్కడ పురుగు కోసం వెతకాలి. మనం పురుగు అంటాం గానీ అది నిజానికి ఆలుచిప్పల జాతి ప్రాణి, పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత రంధ్రంలోంచి లోపలికి దూరి, చెక్క లోపలే పెరుగుతూ సొరంగాలు తవ్వుకుంటూ పోతుంది. బయట చిన్న చుక్క కనిపిస్తుంది, లోపల తేనెపట్టు. ఆ చుక్కల దగ్గర స్క్రూడ్రైవర్ నొక్కితే దిగిపోతే ఆ పలక మార్చాల్సిందే.

చాలామంది చూడనిది, నేను అన్నిటికన్నా ఎక్కువ సేపు చూసేది ఐసు గది. ఉప్పునీళ్లలో నానే చెక్క కన్నా మంచినీళ్లు తగిలే చెక్క తొందరగా పుచ్చుతుంది, ఎందుకంటే చెక్కను తినే బూజు ఉప్పును అంతగా ఓర్చుకోలేదు. ఐసు కరిగిన నీళ్లు, డెక్కు సందుల్లోంచి దిగే వాన నీళ్లు, ఇవే అసలు శత్రువులు. ఐసు గది గోడల లోపల థర్మోకోలో పఫ్ షీటో పెట్టి పైన ఫైబర్ వేస్తారు, ఆ పొరకి పగులు వస్తే నీళ్లు వెనక్కి దిగి ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి, ఎవరికీ తెలియదు. గది ఖాళీ చేయించి, కింద మూలల్లో గట్టిగా అదిమి చూడు, మెత్తగా లోపలికి పోయి మళ్లీ పైకి వస్తుంటే, లేదా పగుల్లోంచి దుర్వాసన నీళ్లు ఊరుతుంటే, వెనక చట్రం దూలాలు బాగుంటాయని ఆశ పెట్టుకోకు. ఇంకో గుర్తు, ఖాళీ బోటు అదే సైజు మిగతా బోట్ల కన్నా నీళ్లలో లోతుగా కూర్చుంటుంటే అది ఎక్కడో నీళ్లు తాగి బరువెక్కింది. డెక్కుకీ పక్కలకీ కలిసే అంచు కూడా లోపలి నుంచి టార్చి వేసి చూడాలి, తుప్పు చారలు కారుతున్న ప్రతి మేకు చుట్టూ చెక్కను గుచ్చి చూడాలి.

ఇంజిన్ దగ్గరికి వద్దాం. అది చూడటానికి తెల్లవారుజామున చెప్పకుండా వెళ్లండి, కనీసం చెప్పిన టైం కన్నా గంట ముందు వెళ్లండి. వెళ్లగానే మీ బావని చెయ్యి ఇంజిన్ మీద పెట్టమను. వెచ్చగా ఉంటే మీరు రాకముందే ఎవరో స్టార్ట్ చేసి ఉంచారు, చల్లని ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో మీకు చూపించడం ఇష్టం లేదన్నమాట. ఆ రోజుకి వెనక్కి వచ్చేసి ఇంకో రోజు వెళ్లండి. చల్లగా ఉంటే స్టార్ట్ చేయకముందే ఆయిల్ కొలిచే పుల్ల తీసి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. అప్పుడే మార్చిన కొత్త ఆయిల్ అయితే దాన్ని చూసి ఏమీ తెలుసుకోలేం, అప్పుడు ఒక గంట నడిపాక మళ్లీ చూడాలి. స్టార్ట్ అయ్యాక మొదట్లో కొంచెం పొగ రావడం మామూలే. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిల్ కాలుతోంది, తెల్ల పొగ ఆగకపోతే డీజిల్ సరిగ్గా కాలడం లేదు లేదా సిలిండర్లోకి నీళ్లు వస్తున్నాయి, లోడు పడగానే నల్ల పొగ కక్కితే ఇంజెక్టర్లు గానీ గాలి సరఫరా గానీ చూడాలి, ఒక్కోసారి ప్రొపెల్లర్‌కి గుల్లలు పట్టినా అంతే. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత తీసి చూస్తే పొగ గుప్పుగుప్పుమని ఎగజిమ్ముతుంటే రింగులు, లైనర్లు అరిగిపోయాయి.

రేవులో కట్టేసి పది నిమిషాలు గర్రుమనిపించి చూపిస్తే సరిపోదు. నిషేధం ఉన్నప్పుడు వేటకి వెళ్లకూడదు గానీ ఏటిలోనో రేవు లోపలో నడిపి చూడటం కుదురుతుందేమో ఓనర్‌తో పాటు మత్స్యశాఖ వాళ్లని అడగండి, కుదరకపోతే 15 తర్వాత నడిపి చూశాకే మిగతా డబ్బు అని కాగితం మీద రాయించుకోండి. కనీసం నలభై నిమిషాలు గట్టిగా పరిగెత్తించి, వేడి ముల్లు ఎక్కడ ఆగుతుందో, ఆయిల్ ప్రెషర్ వేడెక్కాక ఎంత పడిపోతుందో రాసుకోవాలి. ముందుకీ వెనక్కీ గేరు మార్చినప్పుడు దభీమని కొడితే, లేదా గేర్‌బాక్స్ ఆయిల్ మాడిన వాసన వస్తే, ఆ ఖర్చు కూడా ధరలోంచి తీసేయాలి.

ఇంకొకటి, లేలాండ్ ఇంజిన్ అంటే ఎప్పుడూ కొత్తది కొని పెట్టిందే అనుకోకు. కొన్ని బోట్లలో లారీ నుంచి విప్పిన ఇంజిన్‌ని సముద్రానికి సరిపడా మార్చి పెడతారు. బాగా చేస్తే అదీ నడుస్తుంది, దాని మీద నాకు చిన్నచూపు లేదు, కానీ కొత్త ఇంజిన్ ధర దానికి ఇవ్వకూడదు. బ్లాకు మీద చెక్కిన నంబరు, రిజిస్ట్రేషన్ కాగితంలోని నంబరు ఒకటేనా చూడు. ఓవర్‌హాల్ చేయించాం అంటే బిల్లులు అడుగు. మాట కాదు, ఏ పార్టు ఏ తేదీన కొన్నారో చూపించే బిల్లు. నిజంగా పని చేయించిన ఓనర్ బిల్లులు జాగ్రత్తగా దాచుకుంటాడు, ఎందుకంటే అమ్మేటప్పుడు అవే ధర పలికిస్తాయి.

షాఫ్ట్ విషయంలో ఒక చిన్న కిటుకు చెబుతాను. షాఫ్ట్ గొట్టంలోంచి నీళ్లు లోపలికి రాకుండా ఆపే బిగింపుని గ్లాండు అంటారు, బోటు నడుస్తున్నప్పుడు దాని దగ్గర ఒక్కొక్క చుక్క కారడం మంచిదే, ఆ నీళ్లే దాన్ని చల్లబరుస్తాయి. చుక్క కూడా కారడం లేదని సంతోషపడకు, కొందరు కొనేవాళ్లు వస్తున్నారని నట్లు బిగించేస్తారు. ఇరవై నిమిషాలు నడిపాక దాని మీద చెయ్యి పెట్టి చూడు, పెట్టలేనంత కాలుతుంటే బిగించారు, అసలు అది ధారగా కారేది. గట్టు మీద ఉన్నప్పుడు ప్రొపెల్లర్‌ని రెండు చేతులతో పైకి కిందకి కదిపితే టకటకమని ఆడకూడదు, ఆడితే షాఫ్ట్ తిరిగేచోట ఉండే బుష్ అరిగింది. ప్రొపెల్లర్ అంచులు పసుపు పోయి ఎర్రగా, గులాబీ రంగులోకి మారి ఉంటే ఉప్పునీళ్లు ఆ లోహాన్ని తినేశాయి, అలాంటిది ఎప్పుడైనా విరుగుతుంది. చుక్కాని కూడా అలాగే పక్కలకి ఊపి చూడాలి.

వించ్, వలలు, ఎకో సౌండర్, జీపీఎస్, వీటి మీద ఎక్కువ సమయం పెట్టకు. పనిచేస్తున్నాయో లేదో చూసుకుంటే చాలు. అమ్మేవాడు వీటినే ముందు చూపిస్తాడు, మన కళ్లు అక్కడే ఆగిపోతాయి. కరెంటు వైర్లు మాత్రం చూడాలి, బ్యాటరీ దగ్గర టేపు చుట్టిన అతుకులు, వంట గ్యాస్ సిలిండర్ ఇంజిన్ గదికి ఎంత దగ్గరలో ఉంది, ఇవన్నీ. 2023 నవంబర్ 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకుని నలభై దాకా బోట్లు కాలిపోయాయి. ఆ తర్వాత ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం ఇచ్చింది నిజమే, కానీ అలాంటి సాయం ప్రతిసారీ వస్తుందని ఎవరూ లెక్క వేసుకోకూడదు. బోటు కొన్న రోజునుంచే ఇన్సూరెన్స్ ఉండాలి. ఇన్సూరెన్స్ కంపెనీని ముందే కలిస్తే వాళ్లు సర్వేయర్‌తో చూపించమంటారో లేదో తెలుస్తుంది, బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్సు ఉన్న సర్వేయర్లలో మెరైన్ హల్, అంటే బోట్లు, ఓడలు చూసే విభాగం వాళ్లు వేరే ఉంటారు, ఆ విభాగం ఉందో లేదో చూసే పిలవాలి. కారు యాక్సిడెంట్లు చూసే సర్వేయర్ బోటు కింద పడుకుని సుత్తితో కొట్టడు.

ఎవరిని తీసుకెళ్లాలి అన్నావు. ఇద్దరు కావాలి. చెక్క పని తెలిసిన ముసలి బోటు వడ్రంగి ఒకరు, లేలాండ్ ఇంజిన్లు విప్పి బిగించే మెకానిక్ ఒకరు. ఇద్దరికీ కూలీ నువ్వే ఇవ్వాలి, ఇద్దరూ ఆ ఓనర్‌కి ఏ పనీ చేసినవాళ్లు కాకూడదు. ఓనర్ మా మెకానిక్‌ని అడగండి అంటే అడగండి, వినండి, కానీ దాని మీద నిర్ణయం తీసుకోకండి. కాకినాడలో అందరూ ఒకరికొకరు తెలుసు, అందుకే కుదిరితే విశాఖ నుంచో మచిలీపట్నం నుంచో మనిషిని పిలిపించుకోవడం మేలు. మధ్యవర్తి ఉంటే అతనికి బేరం కుదిరితేనే కమీషన్, ఆ సంగతి గుర్తుపెట్టుకో. ఖర్చు అంటావా, గట్టుకి లాగడం, ఇద్దరి కూలీ, దారి ఖర్చులు అన్నీ కలిపినా ఇంజిన్ ఒక్కసారి పూర్తిగా విప్పించే ఖర్చులో చిన్న భాగమే.

కాగితాలు. ఇక్కడ చాలామంది చదువుకున్నవాళ్లు కూడా దెబ్బతింటారు. రిజిస్ట్రేషన్ ఇప్పుడు రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో ఉంటుంది, బోటు మీద రాసిన నంబరు, దాన్లో మరబోటు అని చెప్పే ఎంఎం అనే అక్షరాలు, కాగితంలో ఉన్న పొడవు, ఓనర్ పేరు, ఆధార్ అన్నీ సరిపోవాలి. పొడవు టేపు పెట్టి కొలిచి చూడు. 1994 నాటి మన రాష్ట్ర చట్టం కింద వేట లైసెన్సు విడిగా ఉంటుంది, అది రెన్యూవల్ అయిందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడుగు. వేరే జిల్లా నుంచో తమిళనాడు నుంచో వచ్చిన బోటు అయితే అక్కడి నుంచి అభ్యంతరం లేదనే పత్రం లేకుండా ముందుకి వెళ్లకు. పేరు మారేవరకు డీజిల్ రాయితీ, వేట నిషేధ భృతి మీ బావ బోటు పేరున రావు, ఆ భృతి 2025లో 20 వేలకి పెరిగింది, బోటు మీద పనిచేసే ఒక్కో కలాసీ ఇంటికి అది చిన్న డబ్బు కాదు. బోటు సబ్సిడీ మీద తీసుకున్నదైతే ఎన్నేళ్లు అమ్మకూడదో మంజూరు పత్రంలో చదవాలి.

అన్నిటికంటే కష్టమైన అప్పు కాగితంలో ఉండనిది. చాలామంది ఓనర్లు చేపలు కొనే వ్యాపారి దగ్గర పెట్టుబడికి డబ్బు తీసుకుంటారు, ఆ బోటు మీద పడిన సరుకు ఆ వ్యాపారికే ఇవ్వాలి. బ్యాంకు అప్పు అయితే రికార్డులో కనిపిస్తుంది, ఇది కనిపించదు. నువ్వు కొన్న నెల తర్వాత ఆయన రేవులో నిలబడి నా డబ్బు ఈ బోటు మీద ఉంది అంటే గొడవే. కాబట్టి బేరం చేసేముందు మీ బావని రేవులో నాలుగు రోజులు తిరిగి, ఆ బోటు సరుకు ఎవరికి వేస్తోంది, ఆ వ్యాపారికి బాకీ ఉందా అని అడగమను. పాత కలాసీలతో ఒక టీ తాగమను. బోటు ఎందుకు వదిలేశారు, రాత్రిళ్లు పంపు ఎన్నిసార్లు వేయాల్సి వచ్చేది అని అడిగితే వాళ్లు చెబుతారు. పంపు సంగతి మాత్రం తప్పకుండా అడగాలి, ఒక్క రాత్రిలో నాలుగుసార్లు వేశామని ఒక్కడు చెప్పినా సుత్తితో మూడు గంటలు కొట్టినంత సమాచారం వచ్చినట్టే.

అన్నీ చూశాక ధర సంగతి. ఇంజిన్ లోపాలు ఉన్నా కొనొచ్చు, ఇంజిన్ మార్చుకోవచ్చు, లెక్క వేసి ధరలో తగ్గించుకో. రెండు మూడు పలకలు పుచ్చినా మార్చుకోవచ్చు. అడుగు దూలం, దానికి పట్టిన చట్రం దూలాలు పుచ్చి ఉంటే మాత్రం ఎంత తగ్గించినా వద్దు. పది లక్షలకి ఇచ్చినా వద్దు, అది మార్చడం అంటే దాదాపు కొత్త బోటు కట్టడమే.

బయానా ఇవ్వక తప్పదనుకుంటే రెండు లక్షలు కాదు, చిన్న మొత్తం ఇచ్చి, గట్టు మీద చూశాక నచ్చకపోతే తిరిగి ఇస్తానని ఓనర్ సంతకంతో, ఇద్దరు సాక్షులతో రాయించుకో. సరైన బోటు ఉన్న ఓనర్‌కి ఈ షరతు కష్టం కాదు. నేను చూసిన మంచి బోట్ల ఓనర్లలో ఎక్కువమంది తామే గట్టెక్కించి, రండి కొట్టి చూసుకోండి అన్నవాళ్లే.

ఆదివారంలోగా మీ బావని ఈ ఫొటోలు తీసి పంపమను: షాఫ్ట్ గొట్టం బయటికి వచ్చేచోట లోపలి వైపు, ఐసు గది కింది రెండు మూలలు, ఇంజిన్ నంబరు, ఆయిల్ పుల్ల, రిజిస్ట్రేషన్ కాగితం. టార్చి వేసి, దగ్గర నుంచి తీయాలి. రిజిస్ట్రేషన్ కాగితంలో ఆధార్ నంబరు చెరిపేసి పెట్టు. అవి చూశాక గట్టెక్కించడానికి ఖర్చు పెట్టడం దండగో కాదో చెబుతాను.